ల్యాండింగ్ గేర్ లోపాలు - కాక్‌పిట్‌లో అవధాన విభజన: నాలుగు విమాన ఘటనల పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రయాణికుల విమానం నేలకు దిగే వేళ ల్యాండింగ్ గేర్ సరిగా పనిచేయకపోవడం చూసేవారికి భీతి కలిగించే స్థితి. అయితే విమానయాన చరిత్రలో ప్రసిద్ధమైన రెండు ప్రమాదాలలో ప్రాణనష్టానికి మూలం గేర్ లోపం కాదు. ఆ లోపం మీదనే సిబ్బంది దృష్టి అంతా నిలిచిపోవడం. 1972, 1978, 2005, 2011 సంవత్సరాలలో జరిగిన నాలుగు ఘటనల ఆధారంగా గేర్ లోపాల స్వరూపాన్ని, వాటిని ఎదుర్కొనే క్రమాన్ని, ఆ క్రమంలో అవధానానికీ కాలానికీ సంభాషణకూ గల స్థానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ల్యాండింగ్ గేర్, హైడ్రాలిక్ వ్యవస్థ, చెక్‌లిస్ట్, అవధానం, ఇంధన నిర్వహణ, సిబ్బంది వనరుల నిర్వహణ, బెల్లీ ల్యాండింగ్.

1. ఉపోద్ఘాతం:
2024 అక్టోబరు 11వ తేదీ సాయంత్రం తిరుచిరాపల్లి నుంచి షార్జాకు బయలుదేరిన ఒక భారతీయ విమానంలో హైడ్రాలిక్ లోపం తలెత్తింది. ఆ విమానం సుమారు రెండున్నర గంటలు ఆకాశంలో చక్కర్లు కొట్టి, తిరిగి అదే విమానాశ్రయంలో క్షేమంగా దిగింది. చక్రాలు సరిగానే తెరుచుకున్నాయి. టెలివిజన్లలో ఆ వార్తను చూసినవారిలో చాలామందికి ఆ చక్కర్లు నిస్సహాయతగా కనిపించి ఉండవచ్చు. వాస్తవానికి అవి ఒక పద్ధతిలో భాగం. ఇంధనాన్ని ఖర్చు చేసి బరువు తగ్గించుకోవడం, చెక్‌లిస్టులను పూర్తిచేయడం, నేల మీద అగ్నిమాపక దళాలను సిద్ధం చేయడం వంటి పనులన్నీ ఆ వ్యవధిలోనే జరగాలి.

అదే చక్కర్లు మరొక సందర్భంలో ప్రమాదానికి దారితీసిన ఉదాహరణ కూడా చరిత్రలో ఉన్నది. కాబట్టి గేర్ లోపాన్ని ఎదుర్కోవడంలో అసలు ప్రశ్న "చక్రాలు దిగాయా, లేదా?" అన్నది మాత్రమే కాదు. "ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నంతసేపు విమానాన్ని ఎవరు నడుపుతున్నారు? గడియారాన్ని, ఇంధనాన్ని ఎవరు చూస్తున్నారు?" అన్నవి అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు.

2. ల్యాండింగ్ గేర్ నిర్మాణం - పనితీరు:
సాధారణ ప్రయాణికుల విమానానికి ముక్కు భాగం కింద ఒక గేరు, రెక్కల మూలాల వద్ద రెండు ప్రధాన గేర్లు ఉంటాయి. విమానం గాలిలోకి లేచిన వెంటనే వీటిని లోపలికి ముడిచి, తలుపులు మూస్తారు. ముడిచిన గేరును పైన పట్టి ఉంచడానికి ఒక తాళం, దించిన గేరు మళ్లీ ముడుచుకుపోకుండా ఆపడానికి మరొక తాళం ఉంటాయి. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737, బోయింగ్ 767 వంటి విమానాలలో ఈ పనులకు అవసరమైన బలాన్ని చదరపు అంగుళానికి దాదాపు 3000 పౌండ్ల పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ ద్రవం అందిస్తుంది.

గేరు దిగి తాళం పడిందని తెలిపేవి కాక్‌పిట్‌లోని ఆకుపచ్చ దీపాలు. ఒక్కొక్క గేరుకు ఒక్కొక్కటి చొప్పున మూడు దీపాలు వెలిగితే అంతా సవ్యంగా ఉన్నట్లు. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించడం అవసరం. దీపం తెలిపేది గేరు స్థితిని గురించి ఒక సెన్సరు ఇచ్చిన సమాచారాన్ని మాత్రమే. గేరు ఒక వస్తువు. దీపం దానికి ఒక సూచిక. వస్తువులో లోపం ఉండవచ్చు, సూచికలోనూ లోపం ఉండవచ్చు.

హైడ్రాలిక్ పీడనం పోయినా గేరును దించడానికి ప్రత్యామ్నాయ మార్గం ఉంటుంది. ఎ320లో పైలట్ల మధ్యనున్న ఒక చేతి పిడిని తిప్పాలి. 737లో కాక్‌పిట్ నేలలోని మూత తెరిచి మూడు పిడులను లాగాలి. 767లో ఒక విద్యుత్ మోటారు పై తాళాలను విడిపిస్తుంది. ఈ మూడు పద్ధతులలోనూ సూత్రం ఒక్కటే. తాళం వీడితే గేరు తన బరువుతో తానే కిందికి జారుతుంది. అయితే ఇలా దించిన గేరును గాలిలో మళ్లీ ముడవడం సాధారణంగా కుదరదు. కిందికి వేలాడే గేరు గాలికి అడ్డుపడి ఇంధన వ్యయాన్ని బాగా పెంచుతుంది. ఎ320లో గేరు దించి ఉన్నప్పుడు వేగం 280 నాట్లను, అనగా గంటకు దాదాపు 520 కిలోమీటర్లను దాటరాదు. అందువల్ల ఏ విమానాశ్రయంలో దిగాలన్న నిర్ణయం ప్రత్యామ్నాయ మార్గాన్ని ఉపయోగించడానికి ముందే జరగాలి.

3. లోపాల స్వరూపం:
గేర్ లోపాలను స్థూలంగా మూడు విధాలుగా విభజించవచ్చు.
(అ) సూచిక లోపం: గేరు దిగి తాళం పడినా దీపం వెలగకపోవడం.
(ఆ) చలన లోపం: హైడ్రాలిక్, విద్యుత్ లేదా యాంత్రిక కారణాల వల్ల గేరు దిగకపోవడం, లేదా ముడుచుకోకపోవడం.
(ఇ) స్థితి లోపం: గేరు దిగినా చక్రం ఉండవలసిన దిశలో ఉండకపోవడం.

ఈ మూడింటికీ పరిష్కారాలు వేరు. కానీ గాలిలో ఉన్న సిబ్బందికి మొదట తెలిసేది "దీపం వెలగలేదు" అన్న ఒక్క విషయమో, ఒక హెచ్చరిక సందేశమో మాత్రమే. దాని వెనుక ఉన్నది ఏ లోపమో తేల్చడానికి కాలం పడుతుంది. ఆ కాలంలో ఏమి జరుగుతుందన్నదే కింది నాలుగు ఘటనలలో పరిశీలించదగిన అంశం.

4. ఎవర్‌గ్లేడ్స్, 1972 - చూపు చెదిరిన నాలుగు నిమిషాలు:
1972 డిసెంబరు 29వ తేదీ రాత్రి న్యూయార్క్ నుంచి మయామీకి వచ్చిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401వ విమానంలో 176 మంది ఉన్నారు. అది లాక్‌హీడ్ ఎల్-1011 ట్రైస్టార్ రకానికి చెందినది. దిగే సమయంలో ముక్కు గేరుకు సంబంధించిన ఆకుపచ్చ దీపం వెలగలేదు. సిబ్బంది దిగడం మానుకుని, 2000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్‌ను నియోగించి, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల మీదుగా పడమటి దిక్కుకు సాగారు.

తరువాత కాక్‌పిట్‌లోని వారందరి దృష్టి ఆ దీపం మీదికే మళ్లింది. దీపం బిగింపును ఊడదీసి మళ్లీ అమర్చే ప్రయత్నం ఒకవైపు, గేరును కంటితో చూడడానికి ఫ్లైట్ ఇంజనీరు కాక్‌పిట్ కింది గదిలోకి దిగడం మరొకవైపు జరిగాయి. ఈ మధ్యలో ఆటోపైలట్‌లో ఎత్తును నిలిపి ఉంచే అమరిక, బహుశా నియంత్రణ దండానికి చేయి లేదా శరీరం తగలడం వల్ల, వీడిపోయింది. విమానం నెమ్మదిగా కిందికి జారసాగింది. ఎత్తు తగ్గిందని తెలిపే గంట మోగినా ఎవరూ గమనించలేదు. చీకటిలో కింద ఆనవాలుగా పనికివచ్చే దీపాలు లేవు. విమానం చిత్తడి నేలలో కూలి 101 మంది మరణించారు. ముక్కు గేరు మొదటి నుంచీ దిగి తాళం పడే ఉన్నది. లోపమల్లా కాలిపోయిన బల్బులదే.

చివరి నాలుగు నిమిషాలలో సిబ్బంది పరికరాలను గమనించకపోవడమే కారణమని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నిర్ణయించింది. పై విభజన ప్రకారం ఇది అత్యంత స్వల్పమైన సూచిక లోపం. ప్రాణనష్టం మాత్రం అత్యధికం.

తెలుగువారికి "అవధానం" అన్న పదం సుపరిచితం. అష్టావధానంలో ఒక్క అవధాని ఎనిమిది మంది పృచ్ఛకులకు బదులిస్తూ, అప్రస్తుత ప్రసంగి వేసే ప్రశ్నలకు ఛలోక్తులతో సమాధానం చెబుతూనే పద్యధారను తెగనీయడు. ఆ రాత్రి కాక్‌పిట్‌లో ఆరిపోయిన దీపం పోషించినది అప్రస్తుత ప్రసంగి పాత్రే. అయితే దీని నుంచి గ్రహించవలసినది ప్రతి పైలట్ అవధాని కావాలని కాదు. అవధాని అరుదైన ప్రతిభావంతుడు. కోట్లాది ప్రయాణికుల భద్రతను అరుదైన ప్రతిభ మీద ఆధారపరచడం సాధ్యం కాదు. కాబట్టి విమానయానం ఎన్నుకున్న మార్గం ఇందుకు విపరీతమైనది. ఒక్కరే అన్నింటినీ ధరించడానికి బదులు, పనులను మనుషుల మధ్య పంచి, "నీవు విమానాన్ని నడుపు, నేను లోపాన్ని చూస్తాను" అని బాధ్యతలను స్పష్టంగా ప్రకటించుకోవడమే ఆ మార్గం.

5. పోర్ట్‌లాండ్, 1978 - కరిగిపోయిన ఇంధనం:
గేర్ లోపంతో దిగవలసి వచ్చినప్పుడు బరువు తగ్గించుకోవడం మేలు. దీనికి భౌతికశాస్త్ర కారణం సులభంగా బోధపడుతుంది. చలనశక్తి బరువుకు, వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. దిగడానికి అవసరమైన వేగపు వర్గం కూడా బరువును బట్టే మారుతుంది. కనుక బరువు 10 శాతం తగ్గితే దిగే వేగం దాదాపు 5 శాతం తగ్గుతుంది. రన్‌వే మీద అణచవలసిన శక్తి 19 శాతం తగ్గుతుంది. పైగా మిగిలిన ఇంధనం తక్కువైతే మంటల ప్రమాదమూ తక్కువ. ఈ మేలు ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటితే ఏమవుతుందో పోర్ట్‌లాండ్ ఘటన తెలుపుతుంది.

1978 డిసెంబరు 28న న్యూయార్క్ నుంచి డెన్వర్ మీదుగా ఆరిగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు వచ్చిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ విమానం డీసీ-8 రకానికి చెందినది. అందులో 189 మంది ఉన్నారు. గేరు దించినప్పుడు పెద్ద శబ్దం వినిపించి, విమానం ఒక పక్కకు ఊగింది. గేరు దీపం వెలగలేదు. తుప్పు పట్టిన ఒక కడ్డీ విడిపోవడంతో కుడి ప్రధాన గేరు ఒక్కసారిగా జారిపడి, ఆ అదురుకు స్విచ్ దెబ్బతిన్నదని దర్యాప్తులో తేలింది. రెక్కల పైనున్న యాంత్రిక సూచికలను చూసి, ప్రధాన గేర్లు దిగే ఉన్నట్లు ఫ్లైట్ ఇంజనీరు తెలిపాడు.

అయినప్పటికీ కెప్టెన్ ప్రయాణికులను అత్యవసర స్థితికి సిద్ధం చేయడానికి తగినంత వ్యవధి ఇవ్వదలచాడు. ఉద్దేశం మంచిదే. విమానం దాదాపు గంటసేపు విమానాశ్రయం పరిసరాలలో తిరిగింది. సహపైలట్, ఫ్లైట్ ఇంజనీరు ఇంధనం తగ్గుతున్నదని ప్రస్తావించారు. కానీ ఆ ప్రస్తావన హెచ్చరికగా కెప్టెన్ మనసుకు ఎక్కలేదు. చివరకు ఇంజన్లు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయి, విమానం రన్‌వేకు సుమారు ఆరు మైళ్ల దూరంలో నివాస ప్రాంతంలో కూలింది. పది మంది మరణించారు. వారిలో ఫ్లైట్ ఇంజనీరు ఒకరు.

దర్యాప్తు సంస్థ ఇంధన స్థితిని గమనించని కెప్టెన్‌ను ప్రధానంగా బాధ్యుణ్ని చేస్తూనే, మిగిలిన ఇద్దరు పరిస్థితి తీవ్రతను పూర్తిగా గ్రహించకపోవడం, లేదా తమ ఆందోళనను సమర్థంగా తెలపలేకపోవడం కూడా తోడ్పడిందని పేర్కొన్నది. ఇక్కడ భాషకు సంబంధించిన అంశం ఒకటి ఉన్నది. ఒకే సమాచారాన్ని పెద్దవారికి మూడు విధాలుగా చెప్పవచ్చు. "ఇంధనం సంగతి కూడా చూడాలేమోనండీ" అనడం సూచన. "ఇంధనం ఎన్ని నిమిషాలకు వస్తుందండీ?" అనడం ప్రశ్న. "కెప్టెన్ గారూ, ఇంధనం పదిహేను నిమిషాలకు మించి రాదు, ఇప్పుడే దిగాలి" అనడం హెచ్చరిక. మూడింటిలోనూ మర్యాద ఉన్నది. ఆపద మూడవదానిలోనే వినిపిస్తుంది. మర్యాద వేరు, మెత్తదనం వేరు. గౌరవవాచకాలు సహజంగా ఇమిడి ఉన్న తెలుగు వంటి భాషలలో పనిచేసే బృందాలకు ఈ భేదం మరింత గమనించదగినది.

ఈ ప్రమాదం తరువాత 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కాక్‌పిట్‌లో వనరుల నిర్వహణపై ఒక సదస్సును నిర్వహించింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఈ అంశంపై శిక్షణను ప్రారంభించింది. నేడు "క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్" అన్న పేరుతో భారతదేశంతో సహా ప్రపంచమంతటా విమాన సిబ్బందికి ఈ శిక్షణ తప్పనిసరి. కెప్టెన్‌కు వినడాన్ని, కిందివారికి స్పష్టంగా చెప్పడాన్ని నేర్పడం ఇందులోని సారం.

6. లాస్ ఏంజెలెస్, 2005 - క్రమబద్ధమైన నిర్వహణ:
2005 సెప్టెంబరు 21న కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ నుంచి న్యూయార్క్‌కు బయలుదేరిన జెట్‌బ్లూ 292వ విమానంలో 140 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది ఉన్నారు. అది ఎ320 రకానికి చెందినది. బయలుదేరిన వెంటనే ముక్కు గేరు ముడుచుకోవడం లేదని సిబ్బంది గుర్తించారు. లాంగ్‌బీచ్ విమానాశ్రయపు కంట్రోల్ టవర్ పక్కగా తక్కువ ఎత్తులో ఎగిరి, నేల మీది వారి చేత గేరును పరిశీలింపజేశారు. ముక్కు చక్రాలు 90 డిగ్రీలు అడ్డం తిరిగి ఉన్నాయి. ఇది స్థితి లోపం. ఊహ మీద ఆధారపడక, చూడగలిగినవారి సాక్ష్యాన్ని తీసుకోవడం ఇక్కడ మొదటి మెట్టు.

ఎ320కి ఇంధనాన్ని గాలిలో వదిలివేసే ఏర్పాటు లేదు. కనుక విమానం సుమారు మూడు గంటలు తిరిగి ఇంధనాన్ని ఖర్చు చేసింది. ముక్కు మీది భారం తగ్గించడానికి ముందు వరుసలలోని ప్రయాణికులను, వారి సామాన్లను వెనుకకు మార్చారు. పొడవైన రన్‌వే గల లాస్ ఏంజెలెస్‌ను ఎంచుకున్నారు. ప్రధాన చక్రాలు నేలను తాకిన తరువాత కెప్టెన్ ముక్కును వీలైనంతసేపు పైకెత్తి ఉంచాడు. ముక్కు చక్రాలు రన్‌వేను రాసుకుని టైర్లు చిరిగాయి, నిప్పురవ్వలు చిమ్మాయి. విమానం మాత్రం రన్‌వే మధ్యరేఖను దాదాపుగా విడవకుండా ఆగింది. ఎవరికీ గాయాలు కాలేదు. పోర్ట్‌లాండ్‌లో హానికి కారణమైన "చక్కర్లు" ఇక్కడ రక్షణకు ఉపకరించాయి. లెక్క చూసుకుంటూ తిరగడానికీ, లెక్క మరచి తిరగడానికీ గల తేడా అది.

7. వార్సా, 2011 - అద్భుతమైన నైపుణ్యం, కనబడని బ్రేకరు:
2011 నవంబరు 1న అమెరికాలోని న్యూవార్క్ నుంచి వార్సాకు వచ్చిన పోలిష్ విమానసంస్థ లాట్ 16వ విమానంలో 231 మంది ఉన్నారు. ఈ బోయింగ్ 767లో బయలుదేరిన కొద్దిసేపటికే మధ్య హైడ్రాలిక్ వ్యవస్థలోని ద్రవం కారిపోయింది. మిగిలిన వ్యవస్థలు పనిచేస్తున్నందున ప్రయాణాన్ని కొనసాగించారు. వార్సా వద్ద ప్రత్యామ్నాయ విద్యుత్ పద్ధతిలో గేరును దించబోగా ఒక్క గేరూ దిగలేదు. పోలండ్ వైమానిక దళపు ఎఫ్-16 విమానాలు దగ్గరగా ఎగిరి పరిశీలించాయి. మిగిలిన ప్రయత్నాలు ఫలించక కెప్టెన్ తాదేయుష్ వ్రోనా విమానాన్ని పొట్ట మీదనే రన్‌వేపై దించాడు. అందరూ క్షేమంగా బయటపడ్డారు.

తరువాత విమానాన్ని పైకెత్తి, కాక్‌పిట్‌లో తెరుచుకుని ఉన్న ఒక సర్క్యూట్ బ్రేకరును నొక్కగానే ప్రత్యామ్నాయ పద్ధతిలోనే మూడు గేర్లూ దిగాయి. ఆ బ్రేకరు నేలకు దగ్గరగా, కాలో వస్తువో తగిలే చోట, రక్షణ కవచం లేకుండా ఉన్నది. హైడ్రాలిక్ లోపం ఒకటి, విద్యుత్ లోపం మరొకటి. రెండూ వేర్వేరు, రెండవది మొదటి దానికి ప్రత్యామ్నాయాన్నే నిష్ఫలం చేసింది. సిబ్బంది దిగిన తీరు ప్రశంసనీయం. కానీ పరిశోధన దృష్టితో చూస్తే, విజయవంతమైన ముగింపు కూడా దర్యాప్తుకు అర్హమైనదే. ఎవరూ గాయపడకపోవడంతో విచారణ అక్కడితో ఆగి ఉంటే ఆ బ్రేకరు సంగతి వెలుగులోకి వచ్చేది కాదు.

8. నిర్వహణ క్రమం:
పై ఘటనల నుంచీ, ప్రస్తుత శిక్షణ పద్ధతుల నుంచీ కింది క్రమాన్ని సంగ్రహించవచ్చు.

మొదటిది, విమానాన్ని నడపడం. దిగే ప్రయత్నంలో ఉంటే దానిని విరమించి, సురక్షితమైన ఎత్తుకు చేరాలి. ఒక పైలట్‌కు నడపడం, ఎత్తును, వేగాన్ని గమనించడం తప్ప వేరే పని ఉండరాదు.

రెండవది, నిర్ధారణ. దీపాన్ని పరీక్షించడం, రెండవ సూచికతో పోల్చడం, అవసరమైతే బయటివారి చేత చూపించడం ఇందులోని అంశాలు. ఆ తరువాత చెక్‌లిస్టును ఒకరు చదవగా మరొకరు ధ్రువీకరిస్తూ చేయాలి. జ్ఞాపకం మీద ఆధారపడరాదు.

మూడవది, కాలానికి హద్దు. "ఇంత ఇంధనం మిగిలినప్పుడు, లోపం తీరినా తీరకున్నా దిగుతాము" అని ఒక అంకెను ముందే ప్రకటించాలి. ఆ అంకెను గుర్తుచేసే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

నాలుగవది, క్యాబిన్ సన్నాహం. సిబ్బందికి లోపం స్వరూపాన్ని, మిగిలిన వ్యవధిని, దిగిన తరువాత బయటికి పంపవలసి ఉంటుందా అన్న విషయాన్ని స్పష్టంగా చెప్పాలి. విమానపు రకానికి అనుమతి ఇచ్చే పరీక్షలో సగం ద్వారాలు మాత్రమే వాడి 90 సెకన్లలో అందరినీ ఖాళీ చేయించగలగాలన్నది నియమం. అందుచేత ప్రయాణికులు సామాన్ల కోసం ఆగకపోవడం ఎంతో ముఖ్యం.

అయిదవది, దిగడం. ముక్కు గేరు లోపమైతే ముక్కును వీలైనంతసేపు పైకెత్తి ఉంచాలి. ఒకవైపు ప్రధాన గేరు లేకపోతే ఆ వైపు రెక్కను వీలైనంతసేపు నేలకు తాకనివ్వకూడదు. వేగం తగ్గినకొద్దీ ఈ పట్టు సడలుతుంది కనుక, చివరిలో విమానం ఏ వైపు ఒరుగుతుందో ముందే ఊహించి ఉండాలి.

9. ముగింపు:
• గేర్ లోపపు పరిమాణానికీ, దాని ఫలితానికీ నేరుగా సంబంధం లేదు. కాలిపోయిన బల్బుల వెనుక 101 ప్రాణాలు పోయాయి. మూడు గేర్లూ దిగని విమానంలో 231 మంది క్షేమంగా బయటపడ్డారు.
• ఆకాశంలో గడిపే అదనపు కాలం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. దానికి ముందుగా హద్దు నిర్ణయించడమే భేదాన్ని కలిగిస్తుంది.
• అవధానాన్ని ఒకరి ప్రతిభగా కాక, బృందం పంచుకోవలసిన బాధ్యతగా చూడడం 1978 తరువాత విమానయానం సాధించిన ముఖ్యమైన మార్పు.
• కిందిస్థాయి ఉద్యోగి ఆపదను స్పష్టంగా చెప్పడం, పైస్థాయి అధికారి దానిని వినడం సాంకేతిక నైపుణ్యాలతో సమానమైన భద్రతా నైపుణ్యాలు. శస్త్రచికిత్సా మందిరాలలో, విద్యుత్ కేంద్రాలలో, పరిశోధనశాలలలో పెద్ద మాట ఒకరిదే అయినచోట కూడా ఈ సూత్రం వర్తిస్తుంది.
• క్షేమంగా ముగిసిన ఘటనలను ప్రమాదాలంత శ్రద్ధగా అధ్యయనం చేయడం అవసరం. వార్సాలో కనబడని బ్రేకరు అందుకు నిదర్శనం.